ఖాజాతో చూసిన సినిమాలు

ఆగస్టు 11, ఆదివారం

పోలెండు పార్సిలు ఎట్టకేలకు వచ్చింది. కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎన్నాళ్లు పడి ఉందో, అట్టపెట్టె మూలలు నలిగాయి గాని డిస్కు మీద గీత లేదు. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చిన ఒక కసాయివాడి కథ. పాత నెగటివును కడిగి, దుమ్ము దులిపి, కొత్తగా తీసిన ప్రతి. గోడ మీది తడి మరక కూడా కనిపిస్తోంది.

ఖాజా పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి బండి మీద వచ్చాడు. వెనక నా చెల్లెలు అఫ్సానా, ముందు వాళ్ల కూతురు కౌసర్. ఆదోని, ఎమ్మిగనూరు రెండు ఊళ్లూ వెతికినా మూడు గంటల నలుపు తెలుపు సినిమాను, అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ, కదలకుండా చూసే మనిషి ఖాజా ఒక్కడే. ఆ ఒక్కడికే నా చెల్లెల్ని ఇచ్చాను. ఆ సంబంధం నేనే తెచ్చానని అమ్మీ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

మిద్దె మీది గదిలో చూశాం. పశువుల కొట్టంలో కసాయివాడు తమ్ముణ్ని గొలుసుతో కొట్టే చోట కెమెరా పక్కకు జరిగి గుర్రం కన్ను మీద ఆగుతుంది. గొలుసు చప్పుడు మాత్రం వింటాం. నాకది గొప్పగా అనిపించింది. ఖాజా ఒప్పుకోలేదు. తర్వాత మా చానలు కోసం రికార్డు చేసుకున్నప్పుడు కూడా అదే గట్టిగా చెప్పాడు.

"దెబ్బ పడేటప్పుడు గుర్రాన్ని సూపిస్తాడేమి భాయ్? డైరెక్టరు భయపడినాడు. కొట్టేటోని చెయ్యి సూపించల్ల. పడేటోని మొగం సూపించల్ల. పక్కకు తిరిగేటోడు సినిమా తీయకూడదు."

పెళ్లి వీడియోలు తీసుకుని బతికేవాడు. ఈ మాట ఏ పుస్తకంలో చదివీ చెప్పలేదు. నేను వింటూ కూర్చున్నాను. చివర్లో తమ్ముడి శవాన్ని బండిలో వేసుకుని పోయేటప్పుడు ఖాజా ఏడ్చాడు. ప్రతిసారీ ఏడుస్తాడు. దాచుకోడు.

అఫ్సానా టీలు తెచ్చింది. సన్నబడింది అని అమ్మీ అంది. కౌసర్ వెనక పరిగెత్తితే ఎవరైనా సన్నబడతారు అన్నాను.


ఆగస్టు 14

షాపులో బేరాలు లేవు. కుట్టు మిషన్లు మూతలు వేసుకుని వరసగా కూర్చున్నాయి. కౌంటరు మీద ల్యాప్‌టాపు పెట్టుకుని ఆదివారం వీడియో సరిచేశాను. చానలుకు "మిద్దె మీద సినిమా" అని పేరు పెట్టింది ఖాజానే. చూసేవాళ్లు కొద్దిమందే గాని వాళ్లు వదలరు.

ఒకచోట పాడయింది. గొలుసు ఎలా లేచిందో చూపించడానికి ఖాజా చెయ్యి పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే గ్లాసు పెట్టడానికి వంగిన అఫ్సానా తల చటుక్కున తిప్పుకుని మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. టీ ఒలికింది. అసలు ఆమె ఫ్రేములోకి రాకుండా ఉండాల్సింది. ఆ ముక్క తీసేశాను. అతుకు తెలియడం లేదు.


ఆగస్టు 20

అఫ్సానా కుడి మణికట్టు విరిగింది. స్నానాల గదిలో జారి పడిందట. ఎమ్మిగనూరులోనే కట్టు కట్టించారు. ఖాజాకు ఫోను చేస్తే "టైల్సు భాయ్, సబ్బునీళ్లు పడితే అద్దమే" అన్నాడు. గొంతులో బాధ ఉంది. రబ్బరు పట్టా ఒకటి కొని బస్సులో పంపించాను.


ఆగస్టు 25, ఆదివారం

ఖాజా ఒక్కడే వచ్చాడు. రెండు సినిమాలు చూశాం, రెండింటికీ రికార్డు చేశాం. ఇంత బాగా మేమెప్పుడూ మాట్లాడలేదు.


సెప్టెంబరు 4

ఎమ్మిగనూరులో ఆడవాళ్లకు కుట్టు నేర్పే కేంద్రానికి మిషన్లు దించి, పని అయ్యాక అఫ్సానా ఇంటికి వెళ్లాను. ఖాజా ఏదో పెళ్లికి కోడుమూరు పోయాడు.

అఫ్సానా ఎడమ చేత్తో అన్నం పెట్టింది. నేను తింటున్నంతసేపూ తలుపు వైపే చూస్తూ ఉంది. చేతులు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్లాను. టైల్సు లేవు. గరుకు బండలు పరిచి ఉన్నాయి. నేను పంపిన రబ్బరు పట్టా చుట్ట విప్పకుండా తలుపు మూల నిలబెట్టి ఉంది.

తడి అయితే గరుకు బండలైనా జారతాయి.

బయటికొచ్చి స్కూటరు తీస్తుంటే పక్కింటి ఉరుకుందమ్మ మగ్గం దిగి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా బండికి అడ్డం నిలబడింది.

"మీ సెల్లెల్ని తోలుకపో అన్నా."

"ఏమైంది?"

"ఏమైందని నన్నడిగితే? గోడకు ఆ పక్క మీ సెల్లెలు, ఈ పక్క నేను. మగ్గం ఆపితే అన్నీ ఇనబడతాయి. అందుకే ఆపకుండ నేస్తాండా."

ఇరుగు పొరుగు వాళ్లకు పక్కింటి సంగతులే కావాలి. ఆమె మొగుడు నరసప్ప తాగి వచ్చి ఎంత గొడవ చేస్తాడో వీధంతా తెలుసు.


సెప్టెంబరు 8, ఆదివారం

అడిగాను. అడగకుండా వదల్లేదని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జపాన్ డిస్కు పెట్టాం. ఉప్పుమడుల్లో ఇద్దరు ముసలి సైనికులు కత్తులు దూసుకునే సినిమా. ఒకడి చెయ్యి తెగి ఉప్పు మీద పడుతుంది, వేళ్లు ఇంకా కదులుతుంటాయి. అక్కడ ఆపి అడిగాను. "ఖాజా, అఫ్సానా చెయ్యి ఎట్లా ఇరిగింది?"

ఖాజా నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. సినిమాలకు ఏడ్చినట్టు కాదు, వెక్కి వెక్కి.

"ఒక్క తూరి భాయ్. చెయ్యి జారింది. పట్టుకుని తిప్పినా, ఇరుగుతాదని తెలీదు. కౌసర్ మీద ఒట్టు, ఇంగ ముట్టను. అమ్మీకి సెప్పొద్దు."

ఇంత ఏడ్చేవాడు మళ్లీ చెయ్యి ఎత్తడు. లేపి నీళ్లు ఇచ్చాను. మిగతా సినిమా చూశాం. ముగింపు గురించి ఖాజా చెప్పినంత బాగా నేను చెప్పలేకపోయాను.


సెప్టెంబరు 9

అమ్మీకి చెప్పలేదు.


సెప్టెంబరు 19

మధ్యాహ్నం షాపు ముందు షేరాటో ఆగింది. అఫ్సానా, కౌసర్, ఒక సంచి. నన్ను చూసి కూడా లోపలికి రాకుండా ఇంటి వైపు నడిచింది. షట్టరు దించి వెనకే వెళ్లాను.

అమ్మీ గదిలో తలుపు వేసుకున్నారు. కాసేపటికి అమ్మీ నన్ను పిలిచింది. అఫ్సానా గోడ వైపు తిరిగి నిలబడి ఉంది, వీపు మీద నుంచి కమీజు పైకి లాగి. బెల్టు బిళ్ల అచ్చులు. కొన్ని పచ్చగా మానుతున్నాయి, కొన్ని ఇంకా ఎర్రగా తడిగా ఉన్నాయి. నడుము దగ్గర చర్మం లేచిపోయి బట్ట అంటుకుంది. అమ్మీ నీళ్లతో తడిపి ఆ బట్టను ఊడదీస్తుంటే అఫ్సానా చప్పుడు చేయలేదు. చప్పుడు చేయకపోవడం అలవాటైనట్టుంది.

"ఎందుకు కొట్టినాడు?" అన్నాను.

"ఎందుకని అడగొద్దు భయ్యా. ఎందుకో సెప్తే, అది సరైన కారణమా కాదా అని మీరంతా కూసోని తూకం ఏస్తారు."

"నేను ఖాజాతో మాట్లాడతా."

"ప్రతి ఆదివారం మాట్లాడతానే ఉండావు కదా," అంది. కమీజు దించుకుని కౌసర్‌కు అన్నం కలపడానికి పోయింది.


సెప్టెంబరు 22, ఆదివారం

ఖాజా తరఫున వాళ్ల పెద్దనాన్న ఖలందర్ సాబ్ వచ్చాడు. ఎమ్మిగనూరులో ఉల్లిగడ్డల వ్యాపారం, మసీదు కమిటీలో మాట చెల్లే మనిషి. ఇంకో ఇద్దరు పెద్దలు. ఖాజా తల వంచుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

ఖలందర్ సాబ్ నెమ్మదిగా మాట్లాడాడు. తప్పు జరిగింది, ఒప్పుకుంటాండాం, పెద్దోళ్ల ముందర మాట ఇస్తాండాడు, చిన్నపిల్ల ఉంది, ఇల్లు ఇరగ్గొట్టుకోవద్దు. ఖాజా లేచి అందరి ముందూ అమ్మీ కాళ్లు పట్టుకున్నాడు. ఏడ్చాడు.

అఫ్సానా వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. అందరూ నా మాట కోసమే చూస్తున్నారు. అబ్బా పోయాక ఇంటికి పెద్దవాణ్ని నేనే.

ఈసారికి పో అన్నాను. మళ్లీ జరిగితే నేనున్నాను అన్నాను.

"నువ్వు సెప్తాండావా?" అంది అఫ్సానా.

"నేనే సెప్తాండా."

సంచి సర్దుకుంది. తన ఇష్టంతోనే వెళ్లింది. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు.


సెప్టెంబరు 23

తన ఇష్టంతోనే వెళ్లింది.


సెప్టెంబరు 29, ఆదివారం

ఖాజా ఒక డిస్కు బహుమతిగా తెచ్చాడు. నేను మూడేళ్లుగా వెతుకుతున్నది, బెంగళూరులో ఎవరి దగ్గరో సంపాదించాడు. అఫ్సానా బాగుందన్నాడు. కట్టు విప్పారన్నాడు. డిస్కు పెట్టాను. కథ నా తలకెక్కలేదు. ఖాజా ఎదురుగా కూర్చుని తెర మీది వెలుగులో నవ్వుతుంటే అతని నడుముకున్న బెల్టు బిళ్ల మీదికే నా చూపు పోయింది. నలుచదరం. ఒక మూల వంగి ఉంది.

రికార్డు చేయలేదు. తలనొప్పి అన్నాను.


అక్టోబరు 13, ఆదివారం

రాయలేను.


అక్టోబరు 14

నిన్నటిది. మొదటి నుంచి రాస్తాను.

పొద్దున ఖాజా ఫోను చేశాడు. దేవరగట్టు జాతర వీడియో తీసే పని ఉండి పోయాననీ, అఫ్సానా కూడా చూస్తానంటే తీసుకుపోయాననీ, జనంలో ఎవరి కర్రో తలకు తగిలిందనీ, ఆదోని పెద్దాసుపత్రికి తెచ్చాననీ చెప్పాడు.

ఆసుపత్రి నిండా తలలకు కట్లు. వరండాలో, మెట్ల మీద, చెట్టు కింద, ఎక్కడ చూసినా దసరా కర్రల సమరంలో దెబ్బలు తిన్న మగవాళ్లు. పసుపు బట్టల మీద రక్తం ఎండిపోయి ఉంది. కొందరు నవ్వుకుంటూ ఎవరి దెబ్బ లోతో పోల్చుకుంటున్నారు. వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని ఆడవాళ్ల వార్డుకు వెళ్లాను.

అఫ్సానాను నేను గుర్తుపట్టలేదు. మంచం దాటి ముందుకు పోయాను. ఆమే నా చొక్కా పట్టుకుంది. ఎడమ కన్ను మూసుకుపోయింది, దవడ ఒక పక్కకు జరిగింది, జుట్టు గొరిగి కుట్లు వేశారు. ఎడమ చెవిలోంచి పలచగా రక్తం కారుతూనే ఉంది. మెడ చుట్టూ వేళ్ల గుర్తులు. కట్టె దెబ్బకు మెడ మీద వేళ్లు పడవు.

నర్సు భారతి కాగితాలు పట్టుకుని వచ్చింది. పొద్దుటి నుంచీ అందరికీ ఒకటే రాస్తున్నట్టుంది, తల ఎత్తకుండానే అడిగింది. "ఈమె గూడ దేవరగట్టేనా?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అఫ్సానా ముందే చెప్పింది. దవడ కదలక ఒక్కొక్క మాటే వచ్చింది.

"దేవరగట్టు కాదు. మా ఇంట్లో. మా ఆయన. కెమెరా స్టాండుతో. రాసుకోండి."

భారతి తల ఎత్తింది. కాగితం తిరగేసి మంచం మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి అడిగింది. పోలీసు అవుట్‌పోస్టుకు కబురు పంపింది. కౌసర్ ఎక్కడ అని నేను అడిగితే, "ఉరుకుందమ్మ కాడ. తను మగ్గం ఆపి వచ్చి తలుపు ఇరగ్గొట్టింది. లేకుంటే నేనుండను," అంది అఫ్సానా.

నేను కిందికి దిగాను. ఖాజా గేటు పక్క టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో గ్లాసు. నన్ను చూసి ఇంకో టీ చెప్పాడు.

"భాయ్, కోపంలో అది ఏమన్న రాయించిందంటే అందరికీ కష్టం. నువ్వు పోయి సెప్పు. నీ మాట ఇంటాది. పోయిన తూరి ఇన్నాది కదా."

నా చేతిలో హెల్మెట్ ఉంది. మొదటి దెబ్బ గురి తప్పి భుజానికి తగిలింది. రెండోది చెంప మీద. చప్పుడు సినిమాల్లో లాగా లేదు. తడి దుప్పటిని బండకేసి బాదినట్టుంది. ఖాజా ఇంకా టీ గ్లాసు పట్టుకునే ఉన్నాడు, ఒలకకుండా చూసుకుంటున్నాడు. మూడో దెబ్బకు గ్లాసూ అతనూ కలిసి పడ్డారు. ఛాతీ మీద కూర్చున్నాను. హెల్మెట్ అద్దం పగిలి ఆ అంచు అతని ఎడమ కంట్లోకి దిగింది. అది నాకు కనబడింది. కనబడ్డాక కూడా కొట్టాను. పళ్లు హెల్మెట్‌కు తగిలి విరగడం చేతికి తెలిసింది. అతను "భాయ్, భాయ్" అంటూనే ఉన్నాడు, సగం నుంచి మాట రాక గాలి మాత్రం వచ్చింది.

"దేవరగట్టు గొడవ ఈడిదాకా వచ్చిందప్పా," అని ఎవరో అన్నారు. తలలకు కట్లున్న వాళ్లే వచ్చి నన్ను వెనక్కి లాగారు.

బాగుంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. కొడుతుంటే బాగుంది. చెల్లెలి కోసం కొట్టానని స్టేషనులో చెబుతాను. నమ్ముతారు. కానీ నేను కొట్టింది ఆ చివరి మాటకు. పోయిన తూరి ఇన్నాది కదా.

బయట పోలీసు జీపు ఆగింది.


అక్టోబరు 28

సబ్‌జైలు నుంచి వచ్చాను. బెయిలు. లాయరు అబ్రహాం గారు ఇప్పించారు. గదిలో అందరూ నన్ను గౌరవంగా చూశారు. చెల్లెలి కోసం మొగుణ్ని కొట్టినవాడని ఒకతను తన దుప్పటి ఇచ్చాడు. కప్పుకున్నాను.

ఖాజా ఎడమ కన్ను పోయింది. కర్నూలులో రెండు ఆపరేషన్లు చేసినా రాలేదు. అతని మీదా కేసు ఉంది గాని ఆసుపత్రి పేరు మీద అతనికీ బెయిలు వచ్చింది. అఫ్సానా ఎడమ చెవి వినబడదు. ఇక వినబడదన్నారు. దవడకు తీగ కట్టారు, గంజి తప్ప ఏమీ పోదు. కౌసర్ ఇక్కడే ఉంది. నేను గదిలోకి వస్తే లేచి వాళ్లమ్మ వెనక్కి పోతోంది. ఎవరో ఆ పిల్లకు చెప్పి ఉంటారు నేనేం చేశానో.


నవంబరు 3, ఆదివారం

ఖలందర్ సాబ్ వచ్చాడు. ఈసారి పెద్దలెవరూ లేరు, ఒక్కడే. అమ్మీ, నేను, అఫ్సానా. పోయినసారి కూర్చున్న నడవే. అతను మొదట అఫ్సానా తల వైపు చూసి కాసేపు నిలబడే ఉన్నాడు. ఆ కాసేపు నిజంగానే బాధపడ్డాడనుకుంటాను.

"చూడు నయీమ్, ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం. మావోని కన్ను పోయింది. డాక్టరు కాగితం ఉంది, సూసినోళ్లు పదిమంది ఉండారు. నీకు ఏండ్ల లెక్కన పడతాది శిక్ష. పాప తన కేసు ఎనక్కి తీసుకుంటే మావోడు నీ కేసు తీసుకుంటాడు. తలాక్ గూడ ఇప్పిస్తా. పాప మళ్ల ఆ గడప తొక్కేది లేదు. ఇద్దరూ బయటపడతారు."

అమ్మీ అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. "ఒప్పుకో బేటా. తలాక్ ఇప్పిస్తానంటాండాడు కదా. ఇంగేమి కావల్ల మనకు?"

నాకూ అదే అనిపించింది. అంతా సరిపోయినట్టే అనిపించింది. సరే అనడానికి నోరు తెరిచాను. అఫ్సానా గోడకానుకుని నా నోటి వైపు చూస్తోంది. ఎడమ చెవి పోయిన దగ్గర్నుంచి ఎవరు మాట్లాడినా పెదాల వైపు చూస్తుంది.

"ఆమెనడగండి," అన్నాను. అంతే అన్నాను. ఇంతకంటే పెద్ద మాట నేనేదీ అనలేదు.

ఖలందర్ సాబ్ ఆమె వైపు తిరిగాడు. "సెప్పు తల్లీ."

"ఎనక్కి తీసుకోను," అంది అఫ్సానా. తీగ వల్ల పళ్లు విడవకుండా మాట్లాడుతుంది. విన్నవాళ్లకు కోపంగా ఉన్నట్టుంటుంది, కానీ కోపంగా లేదు.

"నీ అన్న జైలుకు పోతాడు తల్లీ."

"పోనీ."

"నీ కోసమే కదమ్మా కొట్టినాడు."

"నేను కొట్టమన్లేదు. నేను నర్సుకు సెప్పేది సెప్పినా. కాగితం మీద రాసినారు. అది సాలు నాకు. కిందికి దిగి వీళ్లు వీళ్లు కొట్టుకుని, ఇప్పుడు నా కేసు తెచ్చి వీళ్ల కేసుకు చెల్లుబెట్టుకుంటామంటే యాడన్నా ఉందా? నాది నాదే. భయ్యాది భయ్యాదే."

అమ్మీ ఆమె చెంప మీద కొట్టబోయింది. ఎత్తిన చెయ్యి దవడ తీగను చూసి ఆగిపోయింది. గాల్లోనే కాసేపు ఉండి కిందికి దిగింది. అఫ్సానా ఈసారి తల తిప్పుకోలేదు.

ఖలందర్ సాబ్ టీ తాగకుండానే లేచాడు.


నవంబరు 4

కోపం రాలేదని రాయాలని ఉంది. వచ్చింది. పోనీ అంది. ఎంత సులువుగా అంది.

రోజంతా షాపులో ఒక్క సూది కూడా సరిగ్గా ఎక్కించలేకపోయాను. ఒక మిషను పెడలు విరగ్గొట్టాను, కావాలనే.


నవంబరు 5

ఆమె చెప్పింది నిజం. కొట్టమనలేదు.


నవంబరు 12

చానలు చూశాను. పాత వీడియోల కింద ఎవరో రాశారు. "ఖాజా గారు లేకపోతే ఈ చానలు ఉప్పులేని కూర. ఆయన సున్నితమైన మనసున్న విమర్శకుడు. త్వరగా రండి సార్." ఇంకెవరో కింద చప్పట్లు కొట్టారు.

జవాబు రాయలేదు. ఆ సున్నితమైన మనసు గురించి వాళ్లకు ఏమని చెప్పాలి? అబద్ధమని చెప్పలేను. ఏడ్చినప్పుడు నిజంగానే ఏడ్చేవాడు. అందుకే నేను అంతకాలం పక్కన కూర్చోగలిగాను.

వీడియోలన్నీ తీసేశాను. ఒక్కొక్కటీ తీసేటప్పుడు ఖాయమేనా అని అడుగుతుంది. ప్రతిదానికీ అవునన్నాను.

తర్వాత మిద్దె మీదికి వెళ్లి ఒక డిస్కు పెట్టాను. ఫ్రెంచి సినిమా, ఎన్నోసార్లు చూసిందే. ఒక గూండా ముఠా మనిషిని గోదాములో ఇనప కడ్డీతో కొడతారు. ఖాజాకు బాగా నచ్చిన చోటు, కెమెరా కదలదని. ఇదివరకు నేను వెలుగు ఎక్కడి నుంచి పడుతోందో చూసేవాణ్ని. ఈసారి చేతికి తెలిసింది, ఏ దెబ్బకు ఏది విరుగుతుందో. ఆపేసి కిందికి వచ్చాను. అలమార్లకు దుప్పటి కప్పాను.


నవంబరు 18

అఫ్సానా దవడ తీగ విప్పారు. మొదటి ముద్ద తిని చాలాసేపు నమిలింది. రేపటి నుంచి షాపులో కూర్చుంటానంది. నేను లోపలికి పోతే షాపు ఎవరు చూస్తారని అడిగింది. నేను జైలుకు పోవడం గురించి ఇంట్లో అంత మామూలుగా మాట్లాడేది ఆమె ఒక్కతే. అమ్మీ ఆ మాట వినబడితే గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది.

బాబిన్ ఎలా మార్చాలో చూపించాను. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. ఎడమ చేత్తో నేర్చుకుంటోంది.


నవంబరు 25, సోమవారం

కోర్టు. అఫ్సానా మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజు. ఖాజా కూడా వేరే సంతకం కోసం వచ్చాడు. వరండాలో ఒకటే బెంచీ. ఒక చివర అఫ్సానా, మధ్యలో నేను, అవతలి చివర ఖాజా. నల్ల కళ్లద్దాలు. ముందు పళ్లు కట్టించుకోలేదు ఇంకా. ఉరుకుందమ్మ సాక్షిగా వచ్చి మెట్ల మీద కూర్చుంది, కౌసర్‌ను ఒళ్లో పెట్టుకుని. ఖాజా కూతుర్ని ఒకసారి పిలిచాడు. పిల్ల మొహం ఉరుకుందమ్మ కొంగులో దాచుకుంది.

లోపల ఇంకేదో కేసు నడుస్తోంది. ఖాజా నా వైపు తిరిగాడు.

"నయీమ్ భాయ్. హంగేరి సినిమాల డిస్కుల పెట్టె విడుదలయింది, సూసినావా? సైలెంటు కాలం నుంచి అన్నీ ఉండాయంట. ఒక కన్నుతో సూడొచ్చు సినిమా. లోతు తెలీదు, అంతే. తెర మీద లోతు ఎట్లాగూ ఉండదు కదా."

మామూలుగా అడిగాడు, ఆదివారం మిద్దె ఎక్కుతూ అడిగినట్టు. నా నోటిదాకా జవాబు వచ్చింది. ఆ పెట్టె గురించి నాకు తెలుసు. అందులో ఏ సినిమాకు పాత ప్రతి బాగుందో కూడా తెలుసు. ఆరేళ్లలో ఇలాంటి ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు, ఇక అడగరు. అతని కన్ను నేనే తీశాను. అయినా అడుగుతున్నాడు. నాతో మాట్లాడాలని ఉంది అతనికి. నాకూ ఉంది. దేవుడి సాక్షిగా నాకూ ఉంది.

అఫ్సానా తల తిప్పి నా పెదాల వైపు చూసింది.

లేచాను. బెంచీ చుట్టూ వెళ్లి ఆమెకు వినబడే వైపు, కుడి పక్కన, నేల మీద కూర్చున్నాను. ఖాజా అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడో లేదో నేను చూడలేదు.

బంట్రోతు వచ్చి పేరు పిలిచాడు. అఫ్సానా వినలేదేమోనని నేను చెప్పబోయేలోపే లేచింది. దుపట్టా సరిచేసుకుని, నన్ను తోడు రమ్మనకుండా, లోపలికి వెళ్లింది. తలుపు మూశారు.

చాలాసేపు పట్టింది. ఖాజా సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఉరుకుందమ్మ కౌసర్‌కు బిస్కెట్లు తినిపించింది. ఎండ వరండా మీది నుంచి మెట్ల మీదికి జరిగింది.

అఫ్సానా బయటికి వచ్చింది. ఏం చెప్పావని నేను అడగలేదు. తనే నా పక్కకు వచ్చి నిలబడింది.

"అంతా సెప్పినా భయ్యా," అంది. "పెద్దోళ్లను కూసోబెట్టుకోని నువ్వు నన్ను ఎనక్కి పంపించింది గూడ సెప్పినా. రాసుకున్నారు."

"రాసుకోనీ," అన్నాను.